డీప్‌వాటర్ డ్రిల్లింగ్ పెరుగుతాందంట, ముగ్గురాయి మిల్లుకు లోన్ తీసుకోవచ్చా?

కోడూరు మిల్లు
అందరికీ నమస్తే. రైల్వే కోడూరు కాడ మాకు చిన్న పల్వరైజింగ్ మిల్లు ఉండాది. మంగంపేట ముగ్గురాయి (బెరైట్) తెచ్చి పొడి కొట్టి చెన్నై పార్టీలకు ఇస్తాంటాం, వాళ్ళు డ్రిల్లింగ్ కంపెనీలకు ఎక్స్‌పోర్ట్ చేస్తారు. ఇప్పుడొక బ్రోకరు వచ్చి తలకాయ తింటాండాడు. సముద్రంలో లోతున తవ్వే పని ఊపందుకునింది, గయానా అంట, బ్రెజిల్ అంట, మన కాకినాడ అవతల ఓఎన్‌జీసీ గూడా ఆయిల్ తీస్తాంది, 2025 ఆగస్టు 15న ప్రధాని గూడా ఎర్రకోట మీద డీప్‌వాటర్ మిషన్ అని చెప్పె, ఇంకో రెండు మిల్లులు వేసుకో, పదేండ్లు తిరిగి చూడబల్లే అంటాడు. బ్యాంకోళ్ళు గూడా లోన్ ఇస్తామంటాండారు. నాకు తెలిసింది రాయి, పొడి, లారీ బాడుగ. ఆ సముద్రం పని ఎట్ల నడుస్తాది, ఎప్పుడు నిలిచిపోతాది, దాని లెక్క ఏంది, తెలిసినోళ్ళు చెప్పండబ్బా.

అనంత బోర్లు
అన్నా, మాది కళ్యాణదుర్గం పక్క, బోరు బండి నడుపుతా. మా తావ వెయ్యి అడుగులు దింపినా తడి తగలక అప్పులపాలయిన రైతులు ఊరికి పదిమంది ఉంటారు. నాకు ఒకటే డౌటు. సముద్రంలో అడుగుకు ఎంత తీసుకుంటారు, బోరు ఫెయిలయితే దుడ్లు ఎవురు కట్టల్ల?

మడ్ ఇంజనీర్ రాజంపేట
అనంత అన్నా, మంచి తావనే పట్టుకున్యావ్. నేను మడ్ ఇంజనీర్‌ని, మడ్ అంటే తోడేటప్పుడు బావిలో పోసే బురద లాంటి ద్రవం, కాకినాడ అవతల పనిచేసినా, ఇప్పుడు వెస్ట్ ఆఫ్రికా వైపు రొటేషన్‌లో ఉండా, నెట్ ఉన్నప్పుడు రాస్తా.

మీ బోరు బండికి అడుగు లెక్క. డ్రిల్‌షిప్‌కు (సముద్రంలో బావి తోడే ఓడ) రోజు లెక్క. ఈ తేడా ఎక్కితే మిగతాదంతా దాని వెనకాలే వస్తాది. రాయి గట్టిగా ఉండి బిట్టు దిగకపోయినా, తుఫాను వచ్చి ఖాళీగా నిలబడినా అద్దె మీటరు తిరుగుతానే ఉంటాది. 2013-14లో మంచి డ్రిల్‌షిప్ అద్దె రోజుకు 6 లక్షల డాలర్ల దాకా పోయింది. ఆయిల్ రేటు పడినాక 2016-17లో 2 లక్షల లోపుకు గూడా ఇచ్చినారు. మల్లా 2023-24కు 5 లక్షల దగ్గరికి ఎక్కింది. అది ఒట్టి ఓడ అద్దే. దాని మీద సప్లై బోట్లు, హెలికాప్టర్లు, సిమెంటు వాళ్ళు, లాగింగ్ వాళ్ళు (బావిలో పరికరాలు దింపి రాయిని కొలిచేవాళ్ళు), మా మడ్ కంపెనీ, డీజిల్ అన్నీ కలిపితే దగ్గర దగ్గర డబల్. రూపాయల్లో రోజుకు ఎనిమిది కోట్లు అనుకో. ఒక బావికి రెండు మూడు నెలలు పట్టిందంటే 10 కోట్ల డాలర్ల దగ్గరికి పోవడం మామూలే.

ఫెయిలయితే ఎవురు కడతారంటే, బ్లాకు తీసుకున్న కంపెనీనే. మామూలుగా గవర్నమెంటు దుడ్లు ఇయ్యదు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి వాటాలు వేసుకుంటారు. కొత్త ఏరియాలో నాలుగు బావుల్లో ఒకటి తగిలినా బాగ తగిలినట్లే అంటారు మావాళ్ళు.

అనంత బోర్లు
రోజుకు ఎనిమిది కోట్లు!! మా మండలంలో బోర్లన్నీ ఒక రోజు అద్దెతో వేసేయొచ్చు గదప్పా

కర్నూలు సూరీడు
నేను ఓర్వకల్లు సోలార్ పార్క్‌లో మెయింటెనెన్స్ పని చేస్తా. సూటిగా చెప్తాండా, ఎవురూ అనుకోవద్దు. ఇంత ఖర్చు పెట్టి సముద్రం అడుగున బొక్క కొట్టేది ఎందుకు? 2017లోనే మన కడప జిల్లా సోలార్‌కు వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలకు కోట్ చేసినారు. ఆడ ఎండ ఫెయిల్ అయ్యేది లేదు. ఈ డీప్‌వాటర్ అంతా ఇంకో పదేండ్ల కథే. మిల్లు అన్న లోన్ తీసుకోకపోవడమే మేలు.

కువైట్ పుల్లంపేట
సూరీడు అన్నా, సోలార్‌తో లారీ నడిపి చూపించు, అప్పుడు మాట్లాడదాం 😀 మన దేశం వాడే క్రూడ్‌లో నూటికి 85 పైనే బయటినుంచి కొంటాంది. నేను కువైట్‌లో ల్యాండ్ రిగ్ మీద ఉండా. ఈడ ఇసుకలో తోడతారు, రోడ్డు మీద లారీలో సామాను వస్తాది, ఓడా లేదు హెలికాప్టరూ లేదు. పక్కన సౌదీ ఆరామ్‌కోకు బ్యారెల్ పైకి తీసే ఖర్చు సుమారు 3 డాలర్లు అని వాళ్ళ రిపోర్టుల్లోనే రాసుకుంటారు. 3 డాలర్లకు తీసేటోనితో ఈ సముద్రపోళ్ళు ఎట్ల పోటీ పడతారో అదే నాకు అర్థం కాదు.

మడ్ ఇంజనీర్ రాజంపేట
పోటీ పడబల్లే. సౌదీ, కువైట్ వాళ్ళు ప్రపంచానికంతా సరిపోయే ఆయిల్ తీయరు, కావాలనే బిగబట్టి తీస్తారు. మిగతాది ఎవురో ఒకరు తియ్యాల. డీప్‌వాటర్ అంటే ఖరీదని అందరికీ పాత లెక్క మనసులో ఉంటాది గానీ, ఫీల్డు పెద్దదయితే బ్యారెల్‌కు చీప్‌గానే పడతాది. గయానాలో లీజా ఫీల్డు చూడండి. 2015లో కనుక్కున్యారు, 2019 డిసెంబర్‌లో ఆయిల్ వచ్చింది, మొదటి ఫేజుకు బ్రెంట్ (ప్రపంచ మార్కెట్లో ఆయిల్ రేటు) 35 డాలర్లున్నా గిట్టుబాటే అని పార్ట్‌నర్ కంపెనీ చెప్పింది. ఎందుకంటే ఒక్కో బావి రోజుకు వేలల్లో, కొన్ని పదివేల బ్యారెళ్ళ పైన ఇస్తాది. అమెరికా షేల్ బావి (గట్టి రాయిని పగలగొట్టి ఆయిల్ తీసేది) మొదటి ఏడాదిలోనే సగానికి పైన పడిపోతాది, మల్లా మల్లా తోడతానే ఉండల్ల.

అయితే గయానా లాంటిది దొరికితే ఆ మాట. దొరకనోళ్ళ సంగతి వేరే.

లెక్కల పెద్దాయన ప్రొద్దుటూరు
నేను బ్యాంకులో క్రెడిట్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయినోన్ని. బ్రేక్ ఈవెన్ (గిట్టుబాటు రేటు) 35 డాలర్లు అని కంపెనీ చెప్పినప్పుడు ఎప్పుడు నుంచి లెక్క పెట్టినారు అని అడగాల నాయనా. చాలామటుకు ప్రాజెక్టు కట్టాలని డిసైడ్ అయిన రోజు నుంచి పెడతారు, అంతకు ముందు వెతకడానికి తగలేసింది, ఎండిపోయిన బావులు ఆ లెక్కలోకి రావు. ఇంగోటి, టైము. వంద రూపాయలు పదేండ్ల తర్వాత చేతికొస్తే, పది పర్సెంట్ వడ్డీ మీద చూస్తే ఈరోజు దాని విలువ 39 రూపాయలే, పదిహేనేండ్లయితే 24. డీప్‌వాటర్‌లో దుడ్లన్నీ ముందే పోతాయి, రాబడి ఎప్పుడో వస్తాది. ఖర్చు పెట్టేటప్పుడు ఆయిల్ 100 డాలర్లుంటాది, అమ్మేటప్పుడు ఎంతుంటాదో దేవునికే తెలియాల. 2008 జులైలో 147 చూసినోళ్ళం, 2016 జనవరిలో 30 కంటే కింద చూసినోళ్ళం, 2020 ఏప్రిల్‌లో అమెరికా ఆయిల్ ఒకరోజు మైనస్ 37 డాలర్లు గూడా చూస్తిమి.

మన సొంత ఉదాహరణే తీసుకో. కృష్ణా గోదావరి సముద్రంలో ఉండే కేజీ 98/2 బ్లాకును ఓఎన్‌జీసీ 2005లో కెయిర్న్ కంపెనీ దగ్గర కొనింది. మొదటి ఆయిల్ 2024 జనవరి 7న వచ్చింది. ఆ మధ్య వడ్డీ లెక్కేసుకో.

సీమ జియాలజీ
నేను కడపలో జియాలజీ చదువుతాండా. పెద్దాయన సార్ చెప్పిన 98/2లో లేటు ఒట్టి ఫైళ్ళ వల్లే కాదు సార్, ఆ ఆయిల్‌లో మైనం ఎక్కువ. సముద్రం అడుగున నీళ్ళు 4 డిగ్రీల దగ్గర ఉంటాయి, పైపులో నిలబడితే ఆయిల్ గడ్డకట్టేస్తాది. అందుకని పైపులో పైపు పెట్టి వేడి పోకుండా లైన్లు వేసినారు, ఇండియాలో అది మొదటిసారి అని ఓఎన్‌జీసీనే చెప్పింది. గ్యాస్ అయితే ఇంగో బాధ, ఆ చలికి, ఆ ప్రెషర్‌కు గ్యాసూ నీళ్ళూ కలిసి ఐసు మాదిరి హైడ్రేట్ అయి లైను మూసుకుపోతాది, అందుకే గ్లైకాల్ పంపు చేస్తానే ఉంటారు.

నా డౌటు వేరే. 2,000 మీటర్ల నీళ్ళంటే అడుగున 200 బార్ ప్రెషర్, అది కష్టమే, కానీ రోబోలు చేస్తాండాయి గదా. మరి మడ్ అంత ముఖ్యం ఎందుకు? క్లాసులో కిటికీ కిటికీ అంటారు, సరిగ్గా చెప్పరు.

మడ్ ఇంజనీర్ రాజంపేట
జియాలజీ చెల్లీ, ఆ కిటికీలోనే మా బతుకంతా.

భూమి లోపల రాయి రంధ్రాల్లో గ్యాసో నీళ్ళో ప్రెషర్‌తో ఉంటాది. దాన్ని బయటికి తన్నకుండా ఆపేది మడ్ బరువే. బరువు తక్కువయితే గ్యాస్ లోపలికొస్తాది. బరువు ఎక్కువయితే రాయే పగిలి మడ్ అంతా పగుళ్ళలోకి పోతాది. ఈ రెంటి మధ్య సందే కిటికీ. భూమ్మీద బావికి 3,000 మీటర్ల లోతున పైన ఉండేదంతా రాయే, అది గట్టిగా అదిమి పెట్టింటాది కాబట్టి సందు బాగ ఉంటాది. సముద్రంలో అదే 3,000 మీటర్లలో 2,000 నీళ్ళు, రాయి 1,000 మాత్రమే. నీళ్ళకు రాయంత బరువు యాడిది? అదుముడు తక్కువ, రాయి తొందరగా పగులుతాది, సందు ఇరుకయిపోతాది. ఒక్కోసారి పంపు ఆన్ చేస్తే మడ్ పోతాది, ఆఫ్ చేస్తే గ్యాస్ వస్తాది, అంత సన్నం.

అందుకే కొంచెం దూరం తోడి కేసింగ్ (బావి లోపల వేసే ఇనుప గొట్టం) దింపి సిమెంటు పోసి, మల్లా మడ్ బరువు మార్చి ఇంకొంచెం తోడి మల్లా కేసింగ్. 36 అంగుళాలతో మొదలుపెట్టి అడుగుకు పోయేసరికి 8½ అంగుళాలకు వస్తాది. ఒక కేసింగ్ అనుకోకుండా ఎక్కువ పడితే అడుగున బొక్క మరీ సన్నమై ప్రొడక్షన్ తగ్గిపోతాది. కేసింగ్ దింపిన ప్రతిసారీ రోజులు. రోజులంటే పైన చెప్పిన కోట్లు.

ఇంగ ఆ బరువు యాడ నుంచి వస్తాదనుకుంటాండారు? ముగ్గురాయి నుంచే. కోడూరు అన్న మిల్లులో కొట్టే పొడే. స్పెసిఫిక్ గ్రావిటీ 4.2, మెత్తగా ఉంటాది, బిట్టును అరగదీయదు, ఆయిల్‌తో నీళ్ళతో రియాక్ట్ కాదు, బావిలో అయస్కాంతంతో చేసే కొలతలకు అడ్డం రాదు. ఈ రేటుకు ఇన్ని గుణాలుండే పొడి ఇంకోటి నేను చూడలే.

కోడూరు మిల్లు
ఇదే నాకు కావాల్సింది అన్నా. ఒక బావికి ఎన్ని టన్నులు పడతాది?

మడ్ ఇంజనీర్ రాజంపేట
చిన్న లెక్క వేద్దాం. ఓడ నుంచి సముద్రం అడుగు దాకా రైజర్ అని లావు పైపు ఉంటాది, 21 అంగుళాలు. 2,000 మీటర్ల నీళ్ళయితే ఆ పైపు నిండడానికే రెండు వేల బ్యారెళ్ళ పైన మడ్ కావాల. మడ్‌ను గ్యాలన్‌కు 8.6 పౌండ్ల నుంచి 12కు తేవాలంటే బ్యారెల్‌కు వంద కిలోల లెక్కన పొడి పడతాది. అంటే ఒట్టి రైజర్‌కే 200 టన్నులు. దాని కింద బావి, ఓడ మీద ట్యాంకులు, రిజర్వు, పగుళ్ళలో పోయేది, కటింగ్స్‌తో (తోడినప్పుడు వచ్చే రాయి ముక్కలు) పోయేది, ఇంగ గ్యాస్ తన్నితే వెంటనే కలపడానికి స్టాకు. అన్నీ కలిపితే ఒక బావికి వెయ్యి టన్నులు దాటిపోవచ్చు. మడ్‌ను తిరిగి వాడతారు, అది గూడా గుర్తుపెట్టుకో.

కోడూరు మిల్లు
వెయ్యి టన్నులా! అయితే బ్రోకరు చెప్పింది కరెక్టే గదా మరి

మడ్ ఇంజనీర్ రాజంపేట
ఆగన్నా, తొందరపడొద్దు. టన్నులు చూసినావు, బావులు ఎన్ని ఉండాయో చూడలే. ప్రపంచం మొత్తానికి ఉండే డ్రిల్‌షిప్పులు వంద అటూ ఇటూ. ఒక్కోటి ఏడాదికి నాలుగయిదు బావులు తోడితే గొప్ప. అదే అమెరికాలో ల్యాండ్ రిగ్గులు ఒక్కోటి నెలకు ఒకటి రెండు బావులు తోడి పడేస్తాయి. నీ పొడి ఎక్కువభాగం పోయేది ఆ టెక్సస్‌కు, కువైట్ తమ్ముడుండే ఎడారికి.

2014 చివరలో అమెరికాలో 1,900 పైన రిగ్గులు తిరుగుతాండె. 2016 మే నెలకు 404. 2020 ఆగస్టుకు 244. 2025లో 550 దగ్గర దగ్గర ఉండె, అందులో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉండేవి ఇరవై లోపే. బ్రోకరు నీకు గయానా చూపించినాడు గానీ ఈ నంబరు చూపించినాడా?

ఇంగో సంగతి, ఇది చానామందికి తట్టదు. ముగ్గురాయి వాడేది తోడేటప్పుడే. ఆయిల్ వచ్చేటప్పుడు కాదు. పేపర్లో "కాకినాడ తీరంలో ఉత్పత్తి ప్రారంభం" అని వస్తే అందరూ పండగ అనుకుంటారు, నీకు మాత్రం ఆ ఫీల్డులో పని చానామటుకు అయిపోయిందని అర్థం. నువ్వు చూడాల్సింది ప్రొడక్షన్ వార్త కాదు, రిగ్గులను ఎవురు ఎన్ని నెలలకు బుక్ చేసినారనే వార్త.

కువైట్ పుల్లంపేట
నిజం అన్నా. 2024 జనవరిలో సౌదీ గవర్నమెంటు ఆరామ్‌కోకు కెపాసిటీ పెంచొద్దు, ఉన్నకాడికే ఉండండి అని చెప్పింది. అంతే, నెలల్లోనే సముద్రంలో కాళ్ళ మీద నిలబడే జాకప్ రిగ్గులు ఇరవై పైన సస్పెండ్ అయిపాయ. నాకు తెలిసిన రాయచోటి పిల్లోళ్ళు ఇంటికి తిరిగొచ్చినారు. ఒక్క కాగితం మీద సంతకం, ఆయిల్ రేటు గూడా పెద్దగా పడలే అప్పుడు.

కర్నూలు సూరీడు
నేను చెప్పింది అదేగా. మీరే తిరిగి తిరిగి నా తావకే వచ్చినారు.

మడ్ ఇంజనీర్ రాజంపేట
రాలేదు సూరీడూ. నువ్వు డీప్‌వాటర్ చస్తాదన్యావ్, నేను చావదు గానీ కుదుపు ఎక్కువ అంటాండా. రెండూ ఒకటి కాదు.

లెక్కల పెద్దాయన ప్రొద్దుటూరు
ఆ కుదుపుకు రిగ్గు ఓనర్లే నిలబడలేకపోయినారు గదా. 2020లో డైమండ్ ఆఫ్‌షోర్, నోబుల్, వాలారిస్ మూడూ ఒకే ఏడాది అమెరికా కోర్టులో దివాలా పిటిషన్ వేసినాయి. వందల కోట్ల డాలర్ల ఓడలు పాత ఇనుముకు పోయినాయి. ఇప్పుడు అద్దెలు ఎందుకు ఎక్కినాయంటే, డిమాండ్ ఒకటే కాదు, ఓడలు తగ్గిపోవడం గూడా. కొత్తవి కట్టే ధైర్యం ఎవురికీ లేదు.

అనంత బోర్లు
మరి మన కేజీ గ్యాస్ ఏమాయ? చిన్నప్పుడు పేపర్లో రోజూ అదే గదా. ఇంగ ఆంధ్రా దుబాయ్ అయిపోతాది అన్యారు.

కర్నూలు సూరీడు
ఆ దుబాయ్ కథ నేను చెప్తా. కేజీ డీ6 బ్లాకులో 2002లో రిలయన్స్ వాళ్ళు గ్యాస్ కనుక్కున్యారు. మొదట 2004లో 240 కోట్ల డాలర్ల ప్లాన్ అన్యారు, 2006కు అది 880 కోట్ల డాలర్లయింది, ప్రొడక్షన్ టార్గెట్ డబల్ చేస్తామన్యారు, రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలాయ, 2010లో 60 దాటింది, అంతే, ఆడినుంచి కిందికే. బావుల్లోకి నీళ్ళు వచ్చె, ఇసుక వచ్చె, ఊహించిన నిల్వలు లేవు. కాగ్ రిపోర్టు, కోర్టులు, ధర మీద గొడవ, అదో పెద్ద పురాణం. ఆ గ్యాస్ నమ్ముకొని వేమగిరి వైపు, సామర్లకోట వైపు కట్టిన పవర్ ప్లాంట్లు గ్యాస్ లేక ఏండ్ల తరబడి తాళాలేసుకుని కూచునె. ప్లాంటు కట్టినాక గ్యాస్ రాకపోతే కరెంటు ఎట్ల పుడతాది? దానికంటే నా ఎండే మేలు గదా.

లెక్కల పెద్దాయన ప్రొద్దుటూరు
ఆ ప్లాంట్లకు లోన్లిచ్చిన బ్యాంకుల సంగతి అడగొద్దు. గ్యాస్ కాంట్రాక్టు కాగితం చూసి ఇచ్చినారు, భూమి కింద ఏముందో ఎవురూ అడగలే. గుజరాత్ కంపెనీది గూడా ఉండాది, దీన్ దయాళ్ ఫీల్డు, అదీ కాకినాడ అవతలే. 2005లో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ అని అనౌన్స్ చేసినారు, కడాకు 2017లో ఓఎన్‌జీసీ దాంట్లో 80 శాతం వాటా 7,738 కోట్లకు కొనుక్కోవాల్సొచ్చె. ఆ ఫీల్డులో నీళ్ళు లోతు కాదు గానీ కింద ప్రెషర్, వేడి విపరీతం.

మడ్ ఇంజనీర్ రాజంపేట
అన్నీ కరెక్టే, కానీ కథ ఆడికే ఆపేస్తే అన్యాయం. 2011లో బ్రిటన్ ఆయిల్ కంపెనీ బీపీ 720 కోట్ల డాలర్లు పెట్టి డీ6తో కలిపి రిలయన్స్ బ్లాకుల్లో 30 శాతం తీసుకునింది, పదేండ్లు తిట్లు తినింది, తర్వాత అదే డీ6లో 2020 డిసెంబర్‌లో ఆర్ క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే ఫీల్డు ప్రొడక్షన్‌లోకి వచ్చినాయి. పాత ప్లాట్‌ఫామ్, పాత పైపులైను, గాడిమొగలో ఉండే పాత ప్లాంటు అన్నీ రెడీగా ఉండబట్టి కొత్త ఫీల్డులు గిట్టుబాటయినాయి. మొదట వచ్చినోడు రోడ్డు వేసి చస్తాడు, వెనక వచ్చినోడు దాని మీద పోతాడు.

ధర గూడా మారింది. మొదట్లో ఆ గ్యాస్‌కు ఎంఎంబీటీయూకు (గ్యాస్ అమ్మే కొలత) 4.2 డాలర్లు. లోతు నీళ్ళ గ్యాస్‌కు వేరే సీలింగ్ రేటు 2016లో తెచ్చినారు, 2023 ఏప్రిల్‌లో అది 12.12 డాలర్లు, తర్వాత 10 అటూ ఇటూ దిగింది. 4.2కే అయితే ఆర్ క్లస్టర్ బావులు ఎవురూ తోడరు.

సీమ జియాలజీ
అన్నా, మెక్సికో యాక్సిడెంట్ గురించి ఎవురూ మాట్లాడలే. రిస్క్ అంటే దుడ్లదే కాదు గదా.

మడ్ ఇంజనీర్ రాజంపేట
మాట్లాడాల్సిందే. 2010 ఏప్రిల్ 20, డీప్‌వాటర్ హొరైజన్. అది రిగ్గు పేరు. బీపీ వాళ్ళ మకోండో బావి, 1,500 మీటర్ల నీళ్ళు. 11 మంది చనిపోయినారు, 87 రోజులు ఆయిల్ సముద్రంలోకి పోయింది. బీపీకి మొత్తం ఖర్చు 6,500 కోట్ల డాలర్లు దాటింది.

మా పనోళ్ళు దాన్ని ఇంకో రకంగా గుర్తుపెట్టుకుంటారు. బావి తోడటం అయిపోయింది, సిమెంటు పోసినారు, రిగ్గును ఇంకో తావకు పంపే తొందర. బావి, షెడ్యూలు కంటే నెలకు పైన లేటు. సిమెంటు సరిగ్గా పట్టలే. పట్టిందో లేదో చూసే ప్రెషర్ టెస్టులో తేడా కనిపించింది, దానికి ఏదో కారణం చెప్పుకొని పాస్ అన్యారు. ఆ పైన రైజర్‌లో ఉండే బరువయిన మడ్ తీసేసి సముద్రం నీళ్ళు పెట్టినారు. అంటే ఆపి పెట్టిన బరువును వాళ్ళ చేతులతోనే తీసేసినట్లు. గ్యాస్ పైకి వచ్చేసింది. అడుగున బీఓపీ అని 300 టన్నుల పైన బరువుండే వాల్వుల సెట్టు ఉంటాది, పైపును కోసి బావి మూసేయాల్సింది అదే. పైపు ఒంగిపోయి బ్లేడ్ల మధ్యకు రాక సరిగ్గా కోయలేకపోయింది.

రోజు లెక్క అద్దె ఏం చేస్తాదంటే ఇదే చేస్తాది. అనుమానం వస్తే ఆగి చూడాల, కానీ ఆగితే గంటకు ముప్పై లక్షల పైనే. ఆ బీఓపీలో ఏదయినా తేడా వస్తే రైజర్ డెబ్భై ఎనభై ముక్కలు విప్పుకుంటా పైకి లాగి, రిపేరు చేసి, మల్లా దింపాల, వారం పోయినట్లే. కంపెనీ మేనేజరు నోటితో ఎప్పుడూ "సేఫ్టీ ఫస్ట్" అంటాడు, ఆయన కన్ను మాత్రం గడియారం మీద ఉంటాది. ఇప్పుడు రూల్స్ బాగ గట్టిపడినాయి, ఆ మాట ఒప్పుకోవాల, ఎవురయినా పని ఆపించొచ్చు. ఆపించినోన్ని తర్వాత ఎట్ల చూస్తారనేది కంపెనీని బట్టి ఉంటాది.

అనంత బోర్లు
మీ ఓడ తుఫానులో ఎట్ల నిలబడుతాది? లంగరు వేస్తారా?

మడ్ ఇంజనీర్ రాజంపేట
అంత లోతులో మా ఓడకు లంగరు వేయరు. ఓడ అడుగున తిరిగే ప్రొపెల్లర్లు ఆరేడు ఉంటాయి, శాటిలైట్ చూసుకుంటా కంప్యూటరే ఓడను బావి మీద నిలబెడతాది. కరెంటు పోయి ఓడ జారితే నిమిషం లోపల రైజర్ విడిపించుకోవాల. బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాకు భయమే, తుఫాను వార్త రాగానే తోడటం ఆపి బావి భద్రం చేసి రైజర్ లాగి పక్కకు పోవాల. అద్దె మాత్రం ఆగదు 😀

మోడరేటర్
చర్చ బాగుండాది, కానీ అడిగిన అన్నకు జవాబు మిగిలిపోయింది. కేజీ కోర్టు కేసుల మీద రాసిన మూడు పోస్టులు తీసేసినా, రాజకీయం వేరే తావ పెట్టుకోండి.

లెక్కల పెద్దాయన ప్రొద్దుటూరు
కోడూరు నాయనా, నేను లోన్ ఇచ్చే కుర్చీలో ఉంటే అడిగేది ఇవి. కరెంటు బిల్లు, కిస్తీ, కూలీలు కలిపి నెలకు ఎంత? మిల్లు సగం సామర్థ్యంతో ఏడాదిన్నర నడిస్తే కట్టగలవా? 2015-16 మాదిరి మల్లా వస్తే అంతకంటే తక్కువే నడుస్తాది. కట్టలేనంటే తీసుకోవద్దు. ఇల్లు మాత్రం తనఖా పెట్టొద్దు. ఇంగ నీ రాయి రేటు నీ చేతుల్లో లేదు, ఏపీఎండీసీ (మంగంపేట గని నడిపే ప్రభుత్వ సంస్థ) వేలంలో వస్తాది, అమ్మే రేటూ నీ చేతుల్లో లేదు, చెన్నై వాడు చెప్తాడు. రెండు పక్కలా నీది కాని బిజినెస్‌లో అప్పు తక్కువుండల్ల.

మడ్ ఇంజనీర్ రాజంపేట
పెద్దాయన మాట మీద నా ఓటు. మిల్లులు పెంచే దుడ్లలో కొంత క్వాలిటీ మీద పెట్టన్నా. ఆఫ్‌షోర్‌కు పోయే పొడికి ల్యాండ్ కంటే కాగితాలు ఎక్కువ అడుగుతారు. అమెరికా సముద్రంలో వాడే బెరైట్‌లో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటకూడదు, ఎందుకంటే కటింగ్స్‌తో కొంచెం సముద్రంలోకే పోతాది. ఇంగ ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) స్పెక్ ప్రకారం 75 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచేది 3 శాతం లోపు, 6 మైక్రాన్ల కంటే సన్నం 30 శాతం లోపు. మరీ మెత్తగా కొడితే గూడా రిజెక్ట్ అవుతాది, మడ్ చిక్కబడిపోతాదని. మన మిల్లులోళ్ళు చానామంది సన్నగా కొడితే మంచిదే గదా అనుకుంటారు.

4.2 రాయి అందరికీ దొరకట్లేదని ఏపీఐ వాళ్ళే 4.1 గ్రేడు గూడా పెట్టినారు. ఏ లారీ రాయి ఏ గ్రేడుకు వస్తాదో నీకే తెలిస్తే చెన్నై వాడు నిన్ను మాటలతో కొట్టలేడు.

కోడూరు మిల్లు
గ్రేడు టెస్టు ఇప్పటిదాకా చెన్నై పార్టీ ల్యాబులోనే చేయిస్తాండారు, వాళ్ళు 4.08 వచ్చిందని రేటు కోస్తే నేను నోరు మూసుకోవడమే. సొంత ల్యాబు పెట్టుకోవాలంటే ఎంతవుతాది అన్నా?

మడ్ ఇంజనీర్ రాజంపేట
గ్రావిటీ, జల్లెడ టెస్టుకు పెద్దగా కాదు, లె షాటెలియర్ ఫ్లాస్కులు, మంచి తరాజు, కాన్‌స్టంట్ టెంపరేచర్ నీళ్ళ తొట్టి, 75 మైక్రాన్ల జల్లెడ. తక్కువలోనే అయిపోతాది, కొత్త మిల్లుతో పోలిస్తే ఏమీ కాదు. పాదరసం, కాడ్మియం మాత్రం బయట ల్యాబుకు పంపాల్సిందే.

సీమ జియాలజీ
అన్నా, ఫ్లాస్కు టెస్టు మా ప్రాక్టికల్స్‌లో చేసినాం. మీకు అభ్యంతరం లేకపోతే ఒకే లారీలో నుంచి నాలుగయిదు తావల శాంపిల్ తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఒక భాగం నాకు పంపండి, ఇంకోటి చెన్నైకి. రెండు రిజల్టులూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకే గడ్డ తీసి పంపొద్దు, అది మాత్రం చెప్తాండా.

కోడూరు మిల్లు
సరే చెల్లీ, సోమవారం లోడు వస్తాది, పంపిస్తా. బ్రోకరుకు ఫోన్ చేసి రెండు మిల్లులు ఇప్పుడు వద్దు, ఒకటి గూడా రిగ్గు బుకింగులు చూసినాకే అని చెప్పినా. ఫోన్ పెట్టేసినాడు.

అనంత బోర్లు
మా దగ్గర బోరు పాయింట్ చూసేటోడు గూడా అంతే అన్నా, వద్దంటే ఫోన్ పెట్టేస్తాడు 😀 మడ్ అన్నా, మీ ఓడలో డ్రిల్లర్ పని కావాలంటే బోరు బండి ఎక్స్‌పీరియన్స్ పనికొస్తాదా? ఏం సర్టిఫికెట్లు కావాల?